మూడు జతల ఈకలున్న చిన్న విసనకర్ర పురుగు: సాబెల్లిడేనా, ఫాబ్రిసియిడేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం విశాఖ దగ్గర యారాడ వైపు రాళ్ళ మీది నాచు గీకి తెచ్చారు. అందులో రెండున్నర మిల్లీమీటర్ల పురుగులు దొరికాయి. తల మీద మూడు జతల ఈకలు, ఒంటి చుట్టూ మెత్తని బురద గొట్టం, తలవైపు రెండు చుక్కలు, తోకవైపు రెండు చుక్కలు. మీ సార్ "సాబెల్లిడ్ పిల్ల అయ్యుంటుంది" అన్నారు. అంటే సాబెల్లిడే కుటుంబపు పురుగు పిల్ల అని. మీ సీనియర్ పాత కీ (లక్షణాలను ఒక్కొక్కటిగా చూస్తూ పేరు తేల్చుకునే పట్టిక) చూసి "ఫాబ్రిసియా స్టెల్లారిస్" అన్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే కుటుంబం పేరే వేరుగా, ఫాబ్రిసియిడే అని కనిపించింది. రిపోర్టులో ఏం రాయాలని అడుగుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు రాసిన లక్షణాలు సరైనవైతే అది పిల్ల కాదు, ఎదిగిన పురుగే. కుటుంబం ఫాబ్రిసియిడే. స్టెల్లారిస్ అన్న జాతి పేరు మాత్రం ఇప్పుడే రాయకండి. ఎందుకో వివరంగా చెబుతాను. ముప్ఫై ఏళ్ళుగా ఈ తీరంలో పాలీకీట్లనే, అంటే ఒంటికి శూకాలుండే ఈ రకం పురుగులనే చూస్తున్నాను. ఈ పొరపాట్లు నేను చేసినవీ ఉన్నాయి, నా విద్యార్థులు చేసినవీ ఉన్నాయి.

పిల్లా, పెద్దా అన్న సంగతి ముందు తేల్చుకోవాలి. పుస్తకాల్లో విసనకర్ర పురుగు అంటే బారెడు గొట్టంలోంచి రంగురంగుల ఈకల కిరీటం విప్పుకున్న పెద్ద సాబెల్లిడ్ బొమ్మే వేస్తారు. ఆ బొమ్మ మనసులో పెట్టుకుని మూడు జతల ఈకల పురుగును చూస్తే ఎవరికైనా పిల్ల అనే అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఎమ్మెస్సీలో ఉండగా తెన్నేటి పార్కు కింద రాళ్ళ దగ్గర తెచ్చిన నాచులో ఇలాంటివి పదిహేను దాకా దొరికితే, రికార్డులో "సాబెల్లిడ్ జువెనైల్స్" అని రాసి మా మేడమ్‌కి చూపించాను. ఆవిడ ఒక పురుగును స్లైడు మీదికి తీసి, గ్లిజరిన్ చుక్క వేసి, కవర్‌స్లిప్‌ను సూదితో మెల్లగా నొక్కారు. ఒంట్లోంచి గుండ్రని గుడ్లు, పసుపు తిరిగిన తెల్లటివి, ఒకదాని వెనక ఒకటి కదిలాయి. "ఇది పిల్లయితే ఈ గుడ్లు ఎవరివమ్మా?" అని అడిగారు. ఆ రోజు నుంచి ఏ చిన్న పురుగునైనా గుడ్ల కోసం చూడకుండా పిల్ల అని రాయలేదు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని అదే. నాలుగైదు పురుగులను పారదర్శకంగా చేసి ఒంట్లో గుడ్లున్నాయేమో చూడండి. గొట్టాలనూ పారేయకండి. ఈ కుటుంబంలో తల్లి గుడ్లను నీళ్ళలోకి వదలదు, తన గొట్టంలోనే పెట్టుకుని పొదుగుతుంది. గొట్టాన్ని రెండు సూదులతో నిలువునా చీలిస్తే లోపలి గోడ వెంట గుడ్లో, పిల్లలో కనిపించవచ్చు. అవి దొరికితే ఇక వాదనే లేదు. ఈ పొదిగే అలవాటు పేరు దగ్గర మళ్ళీ పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక లెక్క. ఈ గుంపులో గుర్తింపంతా లెక్క మీదే నడుస్తుంది. ఫాబ్రిసియిడ్‌కి ఉరంలో (ఒంటి ముందు భాగంలో) శూకాలున్న ఖండితాలు 8, ఉదరంలో (వెనక భాగంలో) సాధారణంగా 3. సాబెల్లిడ్‌కి కూడా ఉరంలో ఎక్కువగా 8 ఉంటాయి. అందువల్ల ఉరం లెక్కపెట్టి ఆగిపోతే ఏమీ తేలదు. తేడా అంతా ఉదరంలోనే. సాబెల్లిడ్ ఉదరంలో ఖండితాలు చాలా ఉంటాయి, ఎదిగేకొద్దీ తోకవైపు కొత్తవి చేరుతూనే ఉంటాయి. ఫాబ్రిసియిడ్ మూడు దగ్గర ఆగిపోతుంది.

మరి ఉరం ఎక్కడ ముగిసింది, ఉదరం ఎక్కడ మొదలైంది? ఇక్కడే చాలామంది తడబడతారు. ఒంటి లావు చూసి గీత గీయకండి. ఫార్మలిన్‌లో పడ్డ పురుగు ఎక్కడ ముడుచుకుంటే అక్కడ లావుగా ఉంటుంది. కొక్కేలు ఎక్కడున్నాయో చూడండి. ప్రతి ఖండితానికీ రెండు రకాల శూకాలుంటాయి. ఒకటి వెంట్రుకల్లాంటి సన్నని కుచ్చు. రెండోది వరసగా పేర్చిన పొట్టి కొక్కేలు. ఉరంలో సన్నని కుచ్చు పైన, అంటే వీపువైపు ఉంటుంది, కొక్కేలు కింద ఉంటాయి. ఉదరంలోకి రాగానే ఈ వరస తలకిందులవుతుంది. కొక్కేలు పైకి వెళ్తాయి, కుచ్చు కిందికి వస్తుంది. సాబెల్లిడ్లు, సున్నపు గొట్టాలు కట్టే సెర్పులిడ్లు, ఫాబ్రిసియిడ్లు మూడింటిలోనూ ఈ తారుమారు ఉంది. పురుగును పక్కకి పడుకోబెట్టి తల నుంచి తోకదాకా ఆ కొక్కేల వరసనే చూస్తూ వెళ్ళండి. ఒకచోట అది పొట్ట అంచు వదిలి వీపు అంచుకి ఎగురుతుంది. సరిహద్దు అదే.

ఈ లెక్కలో ఇంకో గుంట ఉంది. కాలర్ (కిరీటం కింద మెడపట్టీలాంటి చర్మపు మడత) ఉన్న మొదటి ఖండితానికి సన్నని కుచ్చు మాత్రమే ఉంటుంది, కొక్కేలుండవు. కొక్కేల వరసలు మాత్రమే లెక్కపెట్టిన వాళ్ళకి ఉరంలో 7 వస్తుంది. సెర్పులిడ్లలో ఉరం ఖండితాలు మామూలుగా 7. నా దగ్గర పనిచేసిన ఒక అమ్మాయి ఇలా 7 అని లెక్కగట్టి, కీలో ఆ దారినే వెళ్ళి సెర్పులిడే దగ్గర తేలింది. సున్నపు గొట్టం లేదు, మూత లేదు, అయినా అంకెను నమ్మింది. రెండు రోజులు పోయాయి. మొదటి కుచ్చును కలిపి లెక్కపెట్టగానే 8 వచ్చి అన్నీ కుదిరాయి. సెర్పులిడ్ అయితే గొట్టం రాయిలా గట్టిగా ఉంటుంది. చాలావాటిలో ఒక ఈకే మారి గొట్టం నోటికి మూతలా తయారవుతుంది. మీది బురద గొట్టం కాబట్టి ఆ భయం లేదు.

కిరీటం దగ్గర ఒక్క విషయం దగ్గరగా చూడండి. ప్రతి ఈకకీ రెండు పక్కలా సన్నని పీచులుంటాయి, కొబ్బరాకు మట్టకి ఈనెల్లాగా. ఫాబ్రిసియిడ్‌లో ఆ పక్క పీచుల పొడవు ఒక తమాషా పద్ధతిలో ఉంటుంది. అడుగున పుట్టినవి బాగా పొడవు, పైకి వెళ్ళేకొద్దీ పొట్టి. దాంతో అన్నిటి కొసలూ ఈక కొసతో సమానంగా ఒకే ఎత్తుకి చేరతాయి. కత్తిరించిన కుంచెలా కనిపిస్తుంది. బతికున్న పురుగు కిరీటం విప్పినప్పుడు ఇది ఎంత స్పష్టంగా తెలుస్తుందో, ముడుచుకుపోయిన పురుగులో అంత కష్టం. ఆ పీచుల మీద శైలికలు అనే అతి సన్నని వెంట్రుకలు ఆడుతూ నీటిని లాగుతాయి. నీళ్ళలోని రేణువులు పీచుల మీద పడి, ఈక గాడి వెంట నోటిదాకా జారుతాయి. పెద్ద సాబెల్లిడ్లలో ఈ రేణువుల ఏరివేత బాగా చదివారు. మరీ పెద్దవాటిని బయటికి తోసేస్తుంది, సన్నవాటిని తింటుంది, మధ్య రకం ఇసుకను దాచుకుని జిగురుతో కలిపి గొట్టం అంచుకి అద్దుతుంది. ఊపిరికీ, తిండికీ, ఇంటి పనికీ ఆ ఒక్క కిరీటమే.

తోక కళ్ళ గురించి, అంటే తోకవైపున్న ఆ రెండు చుక్కల గురించి, మీరు ఆశ్చర్యపోయినట్టు రాశారు. ఆశ్చర్యపోవాల్సిందే. ఇది మీకు దొరికిన గట్టి ఆధారాల్లో ఒకటి. గాజు గిన్నెలో సముద్రపు నీళ్ళు పోసి, గొట్టంలోంచి తీసిన పురుగును వదిలి చూడండి. కొద్దిసేపు ముడుచుకుని ఉంటుంది. తర్వాత కదలడం మొదలుపెడుతుంది, తోక ముందుకి. ఆ రెండు చుక్కలు దారి చూస్తున్నట్టు తోక అటూ ఇటూ తడుముతుంది, కిరీటం ముడిచిన తల వెనకాల తడిసిన కుచ్చులా ఈడ్చుకొస్తుంది. ఫాబ్రిసియా ఇలా గొట్టం వదిలి పాక్కుంటూ వెళ్ళి వేరేచోట కొత్త గొట్టం కట్టుకోగలదు. జీవితాంతం ఒకే గొట్టంలో ఉండే పెద్ద విసనకర్ర పురుగులతో పోలిస్తే ఇది బాగా తిరిగే ప్రాణి. ఈ చుక్కలను బతికుండగానే చూసి బొమ్మ వేసుకోండి. సీసాలో నెలల తరబడి ఉంటే రంగు వెలిసిపోతుంది. అప్పుడు "కళ్ళు లేవు" అని రాసే ప్రమాదం ఉంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చిన్నదైనంత మాత్రాన ఫాబ్రిసియిడ్ అయిపోదు. సాబెల్లిడేలోనే యాంఫిగ్లీనా అనే ప్రజాతి ఉంది. అదీ కొన్ని మిల్లీమీటర్లే, అదీ నాచులోనే ఉంటుంది. దానికి కాలర్ ఉండదు, ఉదరం ఖండితాలు మూడుకి మించి ఉంటాయి. మీ నమూనాల్లో రెండూ కలిసిపోయి ఉండవచ్చు. ఒకదాన్ని చూసి మిగతా అన్నిటికీ అదే పేరు పెట్టకుండా ప్రతి పురుగునూ విడిగా లెక్కపెట్టండి.

ఇప్పుడు కుటుంబం పేరు గొడవ. మీ సార్ చెప్పింది పాత లెక్క ప్రకారం తప్పు కాదు. ఈ చిన్న పురుగుల గుంపును 1923లో రియోహా అనే స్పెయిన్ శాస్త్రవేత్త ఫాబ్రిసినే అనే ఉపకుటుంబంగా సాబెల్లిడే లోపలే పెట్టారు. మన దేశంలో తరతరాలుగా వాడుతున్న ఫోవెల్ పాలీకీటా గ్రంథం 1953 నాటిది. దాంట్లో ఫాబ్రిసియిడే అనే కుటుంబం ఉండే అవకాశమే లేదు. 2008లో కుప్రియనోవా, రౌజ్ డీఎన్ఏ వరసలతో వంశవృక్షం కట్టి చూస్తే ఊహించని సంగతి బయటపడింది. ఫాబ్రిసినే గుంపుకి అసలు దగ్గరి చుట్టాలు మిగతా సాబెల్లిడ్లు కావు, సున్నపు గొట్టాల సెర్పులిడ్లు. అక్కాచెల్లెళ్ళలో ఒకరిని వేరే ఇంటిపేరుతో పిలుస్తూ రెండోవారిని పినతండ్రి ఇంట్లో లెక్కగట్టినట్టుంది ఆ పాత వర్గీకరణ. సెర్పులిడేను కుటుంబంగా ఉంచాలంటే ఫాబ్రిసినేను సాబెల్లిడే నుంచి బయటికి తీయక తప్పదు. అలా అది ఫాబ్రిసియిడే అయింది. రిపోర్టులో ఈ పేరే వాడండి. పాత గ్రంథాల్లో సాబెల్లిడే కింద ఉండేదని ఒక వాక్యం చేర్చండి. మీ సార్ కూడా సంతోషిస్తారు.

స్టెల్లారిస్ వద్దని ఎందుకంటున్నానో చెబుతాను. ఆ పురుగుకి పేరు పెట్టింది డెన్మార్క్ శాస్త్రవేత్త ఓ. ఎఫ్. మ్యూలర్, 1774లో. పూర్తి పేరు ఫాబ్రిసియా స్టెల్లారిస్ (మ్యూలర్, 1774). పేరును కుండలీకరణాల్లో పెట్టడానికి అర్థం, ఆయన పెట్టినప్పుడు ఈ జాతి వేరే ప్రజాతిలో ఉండేదని. కాబట్టి ఆ కుండలీకరణాలను తీసేయకూడదు. ఆ పేరు పుట్టింది ఉత్తర ఐరోపా చల్లని నీళ్ళలో. గుడ్లను గొట్టంలోనే పొదిగి, పిల్లలను పాక్కుంటూ పంపే ప్రాణి ఇది. కెరటాల్లో వారాల తరబడి ఈదే లార్వా దశ దీనికి లేదు. అలాంటిది డెన్మార్క్‌లోనూ, యారాడ రాళ్ళ మీదా ఒకే జాతిగా ఉందని చెప్పాలంటే చాలా గట్టి ఆధారం కావాలి. "కీలో దగ్గరగా అదే వచ్చింది" అన్నది ఆధారం కాదు. కీలో ఉన్న పేర్లలోంచే కదా కీ ఏదో ఒకటి చెప్పేది!

మన హార్బర్‌లోనే దీనికో పాఠం ఉంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణపతి గారు, వారి బృందం విశాఖ రేవులో పడవల అడుగునా, కర్రల మీదా పట్టే జీవుల గురించి ఎంతో ఓపికగా పనిచేశారు. ఆ రోజుల్లో ఉష్ణ ప్రాంతాల రేవుల్లో దొరికే సున్నపు గొట్టాల పురుగును హైడ్రాయిడిస్ నార్వెజికా అనే రాసేవారు. అది 1768లో గున్నెరస్ నార్వే పురుగుకి పెట్టిన పేరు. వెచ్చని రేవుల్లో ఓడల అడుగున పట్టేది హైడ్రాయిడిస్ ఎలిగన్స్ అని తర్వాత స్పష్టమైంది. దాన్ని 1883లో హాస్వెల్ సిడ్నీ రేవు నుంచి వర్ణించారు. దాని లార్వా ఈదుతుంది, పెద్ద పురుగు ఓడలకి అంటుకుని ప్రయాణిస్తుంది. సముద్రాలు దాటే పురుగు విషయంలోనే ఐరోపా పేరు నిలవలేదు. గొట్టంలో పిల్లలను పెంచే పురుగుకి ఇంకెంత జాగ్రత్త కావాలో ఆలోచించండి.

ఫాబ్రిసియిడేలోనే ఇంకో ఉదాహరణ ఉంది, ఇది డబ్బుతో ముడిపడ్డది. ఈ కుటుంబంలో మనయుంకియా అనే ప్రజాతిలో కొన్ని జాతులు మంచినీళ్ళలో ఉంటాయి. ఆ పేరును 1859లో జోసెఫ్ లీడీ ఫిలడెల్ఫియాలోని మనయుంక్ అనే చోటు పేరు మీద పెట్టారు. అమెరికా పడమటి నదుల్లో సాల్మన్ చేపలను చంపే ఒక పరాన్నజీవి తన జీవితంలో సగం ఈ రకం పురుగులోనే గడుపుతుంది. ఆ పురుగును ఏళ్ళ తరబడి లీడీ పెట్టిన పేరుతోనే పిలిచారు. 2020లో అది వేరే జాతి అని తేలి, మనయుంకియా ఆక్సిడెంటాలిస్ అని కొత్త పేరు వచ్చింది. చేపల రోగం మీద అంత పరిశోధన జరిగిన పురుగుకే పేరు సరిగ్గా లేదంటే, మన తీరంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని పురుగుకి ఐరోపా పేరు తగిలించి తృప్తి పడడం నాకు బాధగా ఉంటుంది. ఒకసారి ఒక సర్వే జాబితా పరిశీలనకి వచ్చింది. అందులో అన్ని స్టేషన్లలోనూ "ఫాబ్రిసియా స్టెల్లారిస్" అనే ఉంది. సీసాలు అడిగి తెప్పించి చూస్తే కనీసం రెండు రకాల పురుగులున్నాయి, ఒకటైతే ఫాబ్రిసియా కూడా కాదు. ఆ జాబితా అప్పటికే అచ్చయింది.

ప్రజాతి దాకా వెళ్ళాలని ఉంటే కిరీటం అడుగున పొట్టవైపు చూడండి. కొన్ని ప్రజాతుల్లో అక్కడ ఒక జత దారాల్లాంటి అవయవాలుంటాయి, పక్క పీచులు లేకుండా. ఆగెనీరియెల్లాలో అవి కొమ్మలు వేస్తాయి, లోపల రక్తనాళం ఉంటుంది. ఫాబ్రిసియోలాలో కొమ్మలుండవు, నాళం ఉంటుంది. నోవాఫాబ్రిసియాలో ఆ దారంలో నాళమే ఉండదు. రక్తనాళం బతికున్న పురుగులోనే సుళువుగా తెలుస్తుంది. ఆ తర్వాత కాలర్ ఆకారం, ఉరం కొక్కేల పళ్ళు, ఉదరం కొక్కేల పిడి పొడవు. ఫాబ్రిసియిడ్ ఉదరం కొక్కెం పొడవాటి పిడి ఉన్న ఆకురాయిలా ఉంటుంది, వరసల కొద్దీ చిన్న పళ్ళతో. దీనికి ఆయిల్ ఇమ్మర్షన్ (నూనె చుక్క వేసి చూసే ఎక్కువ శక్తి గల కటకం) తప్పదు, మామూలు స్టీరియో మైక్రోస్కోపులో కనబడదు.

మళ్ళీ సేకరణకి వెళ్తారనుకుంటాను. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా పోటుకీ ఆటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటరే. బయటపడే రాతిపట్టీ సన్నం, దొరికే సమయం తక్కువ. నీళ్ళు బాగా లాగిన అరగంటలో పొట్టి, గుబురు నాచును వేరుతో సహా, కింది బురదతో సహా గీకండి. పురుగులు ఆకుల మీద ఉండవు, మొదట్లోని బురదలో ఉంటాయి. కెరటం వైపు వీపు పెట్టకండి, యారాడ రాళ్ళు నమ్మదగినవి కావు.

ఇంటికొచ్చాక నాచును ట్రేలో సముద్రపు నీళ్ళలో కదపకుండా రాత్రంతా ఉంచండి. నీళ్ళలో గాలి తగ్గేకొద్దీ పురుగులు గొట్టాలు వదిలి అంచులకీ పైకీ వస్తాయి. తెల్లారి పిపెట్‌తో ఏరుకోవచ్చు. చంపే ముందు మత్తు ఇవ్వండి. లీటరు మంచినీళ్ళలో సుమారు 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ కరిగించి, అంతే సముద్రపు నీళ్ళతో కలిపి పది పదిహేను నిమిషాలు ఉంచితే కిరీటం విప్పుకునే ఉంటుంది. నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే ముడుచుకుని ముద్దవుతుంది, తర్వాత ఎన్ని గంటలు కూర్చున్నా ఈకలు లెక్కకి రావు. మత్తెక్కాక సముద్రపు నీళ్ళతో కలిపిన 10 శాతం ఫార్మలిన్‌లో ఒక రోజు ఉంచి, కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. ఐదారు పురుగులను మాత్రం ఫార్మలిన్ తగలనీయకుండా 95 శాతం ఆల్కహాల్‌లో విడిగా ఉంచండి. ఎప్పటికైనా ఎవరైనా డీఎన్ఏ చూడాలంటే అవే కావాలి.

రిపోర్టులోనూ, సీసాలో వేసే చీటీ మీదా నేనైతే ఇలా రాస్తాను: "ఫాబ్రిసియిడే, ప్రజాతి తేలలేదు. ఉరం 8, ఉదరం 3. మూడు జతల ఈకలు. తల, తోక చుక్కలు బతికుండగా చూసినవి. యారాడ, నాచు మొదట్లో, ఆటు సమయం." కింద తేదీ, మీ పేరు. గుడ్లు కనిపిస్తే ఆ మాట కూడా. పెన్సిల్‌తో రాసి చీటీని సీసా లోపలే వేయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.